అన్ని గోడల మీదా అవే కళ్ళు

పోయిన వారం రవళిని కంప్యూటర్ ముందు, ఒళ్ళు గగుర్పొడిచి బిగుసుకుపోయిన స్థితిలో వదిలేసి వచ్చాం. వారం రోజులు ఆ పిల్లను అలా కూర్చోబెట్టడం మనకూ న్యాయం కాదు. వెనకటి సంగతి తెలియని వాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెప్పుకుని ముందుకు పోదాం.

రవళిది బాన్సువాడ. తల్లి లేని పిల్ల. తను ఇంకా పాకుతున్న రోజుల్లోనే తల్లి గంగామణి జ్వరంతో పోయిందని తండ్రి హన్మండ్లు చెప్పాడు. తల్లి ఫోటో ఒక్కటి కూడా ఇంట్లో లేదు. పెద్దల అమావాస్య పెత్రమాస నాడు అందరి ఇళ్ళలో పోయినవాళ్ళ ఫోటోలకు దండలు వేస్తే, వీళ్ళింట్లో ఒట్టి గోడ ముందు ఇత్తడి చెంబు పెట్టి దండం పెట్టుకునేవాళ్ళు. ఆ ఒట్టి గోడను చూసి చూసే రవళి కెమెరా పట్టింది. ఇంటర్ కాగానే భద్రయ్య ఫోటో స్టూడియోలో పనికి కుదిరింది. తర్వాత నిజామాబాదులో పెళ్ళిళ్ళు తీసింది. నవ్వమన్నప్పుడల్లా నవ్వే పెళ్ళికూతుళ్ళను చూసి చూసి విసుగెత్తి, బతుకును ఉన్నది ఉన్నట్టు తీసే ఫోటోగ్రాఫర్‌ని అవుతానని పంతం పట్టింది. తండ్రి తిట్టాడు, చుట్టాలు నవ్వారు. పిల్ల వినలేదు.

ఏడాదిగా చుట్టుపక్కల ఊళ్ళలో బీడీలు చేసే ఇళ్ళకు పోయి, గోడల మీద వేలాడే చనిపోయిన ఆడవాళ్ళ పటాలనూ, వాటి కింద కూర్చుని బీడీలు చుట్టే బతికున్న ఆడవాళ్ళనూ కలిపి ఫోటోలు తీస్తోంది. హైదరాబాదులో ఏటేటా ఫోటోల ప్రదర్శన పెట్టే మిస్బా అనే ఆవిడ వాటిని చూసి, "నీ ఫోటోల్లో మనుషులు నిన్ను ఎప్పట్నుంచో ఎరిగినట్టు చూస్తున్నారు. ఇది నేర్పిస్తే వచ్చేది కాదు" అంది. రవళి ఆ మాటను తాయెత్తులా దాచుకుంది. శుక్రవారం లోగా ఫోటోలన్నీ పంపాలి. పంపితే ఆమెకు ఒక పేరు. పంపకపోతే మళ్ళీ పెళ్ళి మండపాలు, డ్రోన్లు, నవ్వండి మేడమ్.

పంపే ముందు అన్నిటినీ కంప్యూటర్లో వరసగా పరిచి చూసుకుంటే కదా అసలు సంగతి బయటపడింది! ముసలివాళ్ళు, నడివయసు వాళ్ళు, ముక్కులు వేరు, ముఖాలు వేరు, ఊళ్ళు వేరు. గోడ మీది ఆడవాళ్ళందరి కళ్ళు మాత్రం ఒకటే. అనుమానంతో తన సొంత ఫోటో తెచ్చి పక్కన పెట్టింది. అవి తన కళ్ళు. అక్కడ ఆపాం.

తెల్లవారాక రవళి స్కూటీ వేసుకుని రుద్రూరులో కనకవ్వ ఇంటికి పోయింది. మబ్బు పట్టి పగలే మసకమసకగా ఉంది. కనకవ్వ ముందు గదిలో గోడకు ఆనుకుని, ఒళ్ళో చేట పెట్టుకుని బీడీలు చుడుతోంది. గది నిండా తంబాకు ఘాటు. ఆమె తల మీద, పూసల దండ వేసిన పటంలో ఆమె అత్తగారు.

"ఒచ్చినవా బిడ్డా? మల్ల తీస్తవా ఏంది? మొన్ననే గదా కడుపునిండ తీసినవ్."

"తీయ అవ్వా. మీ అత్త ఫోటో ఒక్కసారి దగ్గర్నుంచి చూస్త."

పీట వేసుకుని ఎక్కింది. ముడతలు పడ్డ ముఖంలో ముడత లేని కళ్ళు. ఇన్నిసార్లు వచ్చి, ఇంత వెలుతురు కొలిచి, ఇది ఎలా చూడలేదా అని తన మీద తనకే కోపం వచ్చింది. ఎడమ కంటి తెల్లగుడ్డులో ఆవగింజంత మచ్చ కనిపించింది. ఇంట్లో కంప్యూటర్ మీద చూసినప్పుడు దుమ్ము అనుకుంది. చున్నీ కొంగుతో అద్దం తుడిచింది. మచ్చ పోలేదు.

"అది దుమ్ము గాదు. అత్త కంట్ల మచ్చ," అంది కనకవ్వ కింది నుంచి.

"మీ అత్తకు కంట్ల మచ్చ ఉండెనా అవ్వా?"

చకచకా ఆకు చుడుతున్న కనకవ్వ వేళ్ళు ఆగాయి.

"ఏమో బిడ్డా. బతికున్నప్పుడు గామె కండ్లల్లకు చూసే ధైర్యం ఎవ్వలికుండె?"

ఆ పటం ఎలా తయారైందో కనకవ్వే చెప్పింది. అత్త బతికుండగా ఒక్క ఫోటో దిగలేదు. పోయిన రోజు పొద్దున బాన్సువాడ నుంచి భద్రయ్యను పిలిపించారు. శవాన్ని కుర్చీలో కూర్చోబెట్టి, దవడకు గుడ్డ కట్టి, తల వాలిపోకుండా వెనక నుంచి కనకవ్వే పట్టుకుంది. భద్రయ్య ఫోటో తీసుకుపోయాడు. దినాల నాటికి గుడ్డ మాయమై, కళ్ళు తెరుచుకున్న అత్త పటమై తిరిగొచ్చింది. ఫోటో లేకుండా పోయినవాళ్ళకు ఆ కాలంలో అందరూ అలాగే 'కండ్లు తెరిపిచ్చుకునేవాళ్ళు'.

"అత్త నన్ను శానా తిప్పలు వెట్టింది," అంది కనకవ్వ పటాన్ని చూస్తూ. "కూరల ఉప్పు తక్కువైతే కంచం ఇసిరేది. గోడ ఎక్కినంక మాత్రం గిట్ల చూస్తున్నది చూడు, ఎంత పావురంగ, ఎంత ప్రేమగ. ఇగ గప్పట్నుంచి నాకు ఆమె మీద కోపం లేదు. ఏ కష్టమొచ్చినా గామెకే చెప్పుకుంట. ఒక్కోసారి ఇంటున్నట్టే అనిపిస్తది."

రవళి పీట దిగింది. ఎటు జరిగినా ఆ చూపు తన వెంటే వస్తోంది. పటాల్లో కళ్ళు అలా వెంట రావడం మామూలేనని ఫోటోలు తీసే ఆమెకు తెలుసు. తెలిసినా ఆ చూపుకు అందని మూల కోసం వెతుక్కుంది.

"నువ్వు మొదటిపారి గడపల నిలవడ్డప్పుడు గూడ నాకు గట్లనే అనిపిచ్చింది," అంది కనకవ్వ నవ్వుతూ. "మా అత్త చూసినట్టే చూస్తుంది గీ పిల్ల అనుకున్న. లేకుంటే కెమెరా పట్టుకొచ్చినోళ్ళను ఇంట్లకు రానిస్తనా?"

పాపం ముసలిది మురిపెంగానే అంది. ఆ మాట రవళికి ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. గడప గడపనా ఆడవాళ్ళు తనను 'కూసో బిడ్డా' అన్నది తన మాటతీరు చూసి అనుకుంది. తన ఓపిక, తన నేర్పు అనుకుంది. కాదట. గోడ మీది చూపు గుమ్మంలో నిలబడితే, కాదనలేక రానిచ్చారట. తాయెత్తు విప్పి చూస్తే లోపల ఏమీ లేనట్టయింది.

తిరిగొస్తుంటే దారిలో మిస్బా ఫోన్ చేసింది. స్కూటీ ఆపి, వరి పొలం గట్టున నిలబడి మాట్లాడింది.

"ఫోటోలు అచ్ఛా ఉన్నాయి రవళీ, ఫికర్ చెయ్యకు. ఒకటే కావాలి. ఆ పటాలు ఎవరు చేశారు, ఎలా చేశారు, ప్రతి ఫోటో కింద రాయి. ఊరికే గోడలు చూపిస్తే ఎవరికి కావాలి? నిజం రాయాలి."

"నిజం ఇంకా నాకే తెల్వదు అక్కా," అంది రవళి. "తెలుసుకోనీకే పోతున్న."

నిజం రాస్తే ఏమవుతుందో గట్టు మీద నిలబడే ఆమె ఊహించుకుంది. ప్రదర్శన ఫోటోలు ఈ రోజుల్లో హైదరాబాదులో ఆగవు, సాయంత్రానికల్లా ఫోన్లలో ఊరూరూ తిరుగుతాయి. కనకవ్వ ఇన్నేళ్ళుగా తన కష్టం చెప్పుకున్నది అత్తకు కాదని, ఫోటోలు తీయడానికొచ్చిన పరాయి పిల్ల కళ్ళకని తెలుస్తుంది. రాయకపోతే, ఉన్నది ఉన్నట్టు తీస్తానన్న పిల్ల మొదటి మెట్టు మీదే అబద్ధం ఆడినట్టు. కుడితిలో పడ్డ ఎలుకలా ఉంది ఆమె పని.

భద్రయ్య స్టూడియో పాత బస్టాండు దగ్గర సందులో ఉంది. ఇప్పుడు ఎవరి చేతిలో చూసినా కెమెరానే కాబట్టి పాస్‌పోర్టు సైజు ఫోటోలు తప్ప గిరాకీ లేదు. రవళి పోయేసరికి వాన మొదలై కరెంటు పోయింది. రేకుల మీద వాన మోగుతోంది. చెరువూ, హంసా గీసిన పాత పరదా ముందు, గిరాకీలు కూర్చునే కుర్చీలోనే కూర్చుని భద్రయ్య చాయ్ తాగుతున్నాడు. డెబ్భై దాటినా మీసానికి రంగు మానలేదు.

"ఏందిరా బిడ్డా, గీ వానల? కూసో. చాయ్ తెప్పిస్త."

"చాయ్ వద్దు కాకా. నా కండ్లు నన్ను అడగకుంట ఎంతమందికి పెట్టినవ్?"

భద్రయ్య నోట్లో నువ్వుగింజ నానదని బాన్సువాడ అంతా అంటుంది. అటువంటి మనిషి గ్లాసును పక్కనున్న స్టూలు మీద పెట్టి, ఒక్క ముక్కే అడిగాడు.

"ఎవ్వలు చెప్పిన్రు?"

"ఎవ్వలు చెప్పాలె? ఏడాది సంది గోడ గోడ తిరుగుతున్న గదా! కనకవ్వ అత్తకు నేనే, పోతంగల్ ముసలవ్వకు నేనే. అన్ని ఇండ్లల్ల నేనే కూసొని నన్నే చూస్తున్న. నీ దగ్గర పని చేసినప్పుడు నా ఫోటో వాడుకున్నవ్, అంతేనా? సచ్చిపోయినోళ్ళ మొఖాల్లకెళ్ళి నన్ను చూడమన్నవా? ఇప్పుడు గీ పటాలు ఎట్ల చేసిన్రో ఫోటోల కింద రాయమంటున్నరు, ఏమని రాయాలె?"

"మొగోళ్ళ పటాలు చూసినవా?" అన్నాడు భద్రయ్య నెమ్మదిగా.

రవళి ఇన్నాళ్ళూ ఆడవాళ్ళ పటాలే తీసింది, మగవాళ్ళవి చూడలేదు.

"మొగోళ్ళందరికి నావే పెట్టిన. నావి నేను పెట్టుకుంటే పాపం లేదనుకున్న." కళ్ళద్దాలు తీసి పంచె కొంగుతో తుడుచుకున్నాడు. "మొదట్ల బ్రష్షుతోటి గీసేటోన్ని బిడ్డా. గీసిన కండ్లు పెడితే జనం పటం చూసి ఏడవకపోయేది. బొమ్మ లెక్కున్నది, మా అవ్వ గాదు అనేటోళ్ళు. పటం తీసుకోకుంట ఎల్లిపోయేటోళ్ళు. గట్ల ఎల్లిపోతే సచ్చినోళ్ళు రెండోపారి సచ్చినట్టుండేది నాకు. గీ కండ్లు పెట్టిన్నాడు కనకవ్వ పటాన్ని ఎదకు అదుముకొని గంట సేపు ఏడ్చింది. నువ్వు గిదంత ఫోటోల కింద రాస్తవా ఇప్పుడు? రాసి గా ముసల్దాని ఇంట్ల మల్ల శవాన్ని లేపుతవా?"

"రాయాల్నా వద్దా తర్వాత సంగతి. నన్ను అడగకుంట నా కండ్లు—"

"నీవి గావు బిడ్డా."

వాన ఒక్కసారిగా పెద్దదైంది. భద్రయ్య గొంతు పెంచి చెప్పాల్సి వచ్చింది.

"కనకవ్వ అత్త పోయిన్నాడు నువ్వు బడికి పోయే పోరివి. నా దగ్గర పనికొచ్చింది ఇంటర్ అయినంక. లెక్క కుదురుతదా? నీ కంట్ల మచ్చ ఉన్నదా?"

రవళి గోడకున్న అద్దంలోకి చూసుకుంది. గిరాకీలు తల దువ్వుకునే పాత అద్దం అది. ఆ మసక వెలుతురులో తన కళ్ళు తెల్లగా, ఏ మచ్చా లేకుండా ఉన్నాయి. ఇంకెవరి కళ్ళు తన కళ్ళలా ఉంటాయో అడగాల్సిన పని లేదు. అయినా అడిగింది.

"ఎవ్వలివి కాకా?"

భద్రయ్య లేచి, పరదాను పక్కకు లాగాడు. దాని వెనక గోడకు ఆనించి, గుడ్డ చుట్టిన అట్ట ఒకటి ఉంది. దాన్ని తెచ్చి ఆమె చేతుల్లో పెట్టాడు కానీ విప్పలేదు.

"అప్పుడు మీరు పిట్లంల ఉండె. మీ అమ్మ నిన్ను ఎత్తుకొని ఒక్కతే వచ్చింది. గీ హంస పరదా ముంగట దిగిన్రు. గసొంటి కండ్లు నేను మల్ల చూడలే బిడ్డా. మస్తు పెద్ద ప్రింటు తీసి బయట షోకేసుల పెట్టిన. కొన్ని దినాలకు మీ నాయిన ఉరికొచ్చిండు. నెగటివ్ గుంజుకొని నా ముంగటనే కాల్చిండు. ప్రింటు గూడ కాల్చు, ఎవ్వలన్న అడిగితే నువ్వు గామెను చూడలే అన్నడు. సరే అన్న. చేతులు రాలే."

"నేను ఎంతున్న అప్పుడు?"

"నాలుగేండ్లుంటయేమో. పరదల హంస ముక్కు పట్టుకుంటనని ఒకటే లొల్లి."

రవళి హంస వైపు చూసింది. ముక్కు దగ్గర రంగు పెచ్చులు లేచి ఉంది. ఈ స్టూడియోలో పనికి చేరిన మొదటి రోజే ఆ హంసను ఎక్కడో చూశానే అనిపించింది. అన్ని స్టూడియోల్లో అవే పరదాలు కదా అని సర్దిచెప్పుకుంది. నాలుగేళ్ళ పిల్ల పాకదు. పాకే రోజుల్లో పోయిన తల్లి, నాలుగేళ్ళ బిడ్డను ఎత్తుకుని ఫోటో దిగదు. తండ్రి ఆడినది ఒక్క అబద్ధం. దాని మీదే పెత్రమాస చెంబు ఇన్నేళ్ళు నిలబడింది.

"మరి నాకు పని ఇచ్చింది..."

"నువ్వొచ్చి గడపల నిలవడంగనే ఎరికైంది. గా కండ్లు చూసి కాదనలేకపోయిన."

ఇది కూడానా! మొదటి పని కూడా తన సొంతం కాదన్నమాట. రవళికి ఏడుపు రాలేదు, మండింది. గుడ్డ లాగిపారేసింది.

నిజం మనిషి ముఖమంత ఉన్న నలుపు తెలుపు ఫోటో. నున్నటి నుదురు, ముక్కుపుడక, నవ్వబోయి ఆగిన పెదవులు. కింద అంచున ఒక చిన్నపిల్ల నెత్తి, రిబ్బను కట్టిన పిలక. కళ్ళు ఉండాల్సిన చోట రెండు రంధ్రాలు. కత్తెరతో ఎంతో ఒడుపుగా, రెప్పల వెంట కోసిన రంధ్రాలు. వాటిలోంచి రవళి వేళ్ళు కనిపిస్తున్నాయి.

"నెగటివ్ లేకపాయె," అన్నాడు భద్రయ్య ఎటో చూస్తూ. "కండ్లు గావాల్నంటే గిదొక్కటే దిక్కు. ఒక్కసారే కోసిన. కోసి కనకవ్వ అత్తకు అతికిచ్చి, కొసలు బ్రష్షుతోటి కలిపి, మల్ల ఫోటో తీసిన. ఇగ గప్పట్నుంచి గవ్వే. కంప్యూటర్ వచ్చినంక గూడ గవ్వే. పిట్లం దిక్కు మాత్రం ఒక్క ఇంటికి గూడ పెట్టలే, ఎవ్వలన్న గుర్తువడతరని."

తల్లి ఫోటో కోసం ఇన్నేళ్ళు ఏడ్చిన పిల్ల, ఏడాదిగా ఊరూరా తిరిగి తల్లి కళ్ళనే ఫోటో తీసింది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు. ఇప్పుడు ముఖం దొరికితే అందులో కళ్ళు లేవు. కళ్ళేమో రుద్రూరులో, పోతంగల్‌లో, డోంగ్లిలో, ఎవరెవరి అత్తల ముఖాల్లోనో ఉన్నాయి. పరాయి ఆడవాళ్ళందరి కష్టాలూ విన్నాయి. కన్నబిడ్డ ఇంటి గోడ మీద మాత్రం ఒక్క రోజు లేవు. రవళికి కనకవ్వ మీద పట్టరాని అసూయ పుట్టింది. వెంటనే సిగ్గేసింది.

ఎందుకు చేసిందో ఆమెకే తెలియదు. అద్దం ముందుకు నడిచింది. ఆ ఫోటోను మెల్లగా ఎత్తి తన ముఖానికి అడ్డంగా పెట్టుకుంది. రంధ్రాలు సరిగ్గా కుదిరాయి.

అద్దంలో గంగామణి కళ్ళు తెరిచింది. రెప్ప కొట్టింది. ఆ మసకలో రవళి, తను ఊపిరి తీస్తున్నదీ లేనిదీ మరచి, గుర్తే లేని తల్లిని కళ్ళారా చూసుకుంది. 'అమ్మా' అని పెదవులు కదిపింది. అద్దంలో పెదవులు కదలలేదు.

వెనక గ్లాసు పడి పగిలిన చప్పుడైంది.

"తియ్యి బిడ్డా! తియ్యి దాన్ని, గట్ల పెట్టుకోకు!"

అద్దంలో, తన తల్లి ముఖం పక్కన, భద్రయ్య గోడకు కరుచుకుపోయి కనిపించాడు.

"ఎందుకు బుగులు పడుతున్నవ్ కాకా? సచ్చిపోయినోళ్ళకు కండ్లు తెరిపిచ్చుడు నీకు కొత్తనా?"

"ఎవ్వలు సచ్చిపోయిన్రు? గీమెకు కండ్లు తెరిపియ్యమని నా దగ్గరికి ఎవ్వలు రాలే గదా!" అన్నాడు భద్రయ్య. "పోయిన మంగళారం గా మొఖమే గీ కుర్చీల కూసున్నది. నువ్వే అనుకొని పలకరిచ్చిన. దగ్గరికొస్తే ఎంటికలు నెరిసి ఉన్నయ్. ఎడమ కంట్ల మచ్చ. నీకు చెప్పాల్నా వద్దా అని గప్పట్నుంచి నాకు నిద్ర లేదు."

రవళి ఫోటోను ఇంకా గట్టిగా పట్టుకుంది. ముఖం మీంచి ఫోటో దించాలని తెలుస్తోంది, చేతులు మాట వినడం లేదు.

"ఏమడిగింది?"

"ఫోటో దిగింది. నిమ్మళంగ కూసొని, కండ్లు మూసుకొని, గిట్లనే తియ్యి అన్నది. కండ్లు మూస్తే ఎట్లమ్మా, ఇది సచ్చినోళ్ళ తీరున్నది అన్న. 'తెరిపిచ్చేది నువ్వు గాదు. నా బిడ్డ పెద్ద ఫోటోలు తీస్తున్నదంట గదా, అది తెరిపిస్తది' అన్నది."

వాన చప్పుడు తగ్గింది. మెట్ల మీద ఎవరో గొడుగు దులిపి మూస్తున్నారు.

"ఫోటో తీసుకోనీకె ఎప్పుడొస్తనన్నది కాకా?" అంది రవళి.

"ఇయ్యాల్నే," అన్నాడు భద్రయ్య. అతను చూస్తున్నది ఆమె వైపు కాదు, వాకిలి వైపు. రవళి తల్లి ముఖాన్ని తన ముఖం మీద అలాగే పట్టుకుని, మెల్లగా అటు తిరిగింది.